ఈ పొద్దు ఏం కూర?

దుత్తలూరులో బస్సు దిగి ఎస్టీ కాలనీ వైపు నడుస్తున్నారనుకోండి. భుజాన సంచి, అందులో రిజిస్టరు, పిల్లల్ని తూచే త్రాసు, ఐరన్ మాత్రల అట్టలు. మీరు ఏఎన్‌ఎం కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, నర్సింగ్ చదువుతూ పల్లెల్లో పని నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి కావచ్చు. మొదటి ఇంటి ముందు ఒక తల్లి నిలబడి ఉంది. చంకలో ఏడాదిన్నర బిడ్డ. బిడ్డ చేతులు పుల్లల్లా ఉన్నాయి. మీ నోట మొదట ఏ మాట వస్తుంది?

చాలామంది నోట వచ్చే మాట నాకు తెలుసు. "ఏందమ్మా, బిడ్డ ఇంత బక్కగా ఉండాడు, ఏమీ పెట్టడంలేదా?" ఆమె చెప్పే జవాబు కూడా తెలుసు. "పెడతానే ఉండా మేడం." అంతటితో తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు గురించి, పాల గురించి మీరు గంటసేపు చెప్పినా ఆమె "సరే మేడం" అంటూనే ఉంటుంది. ఆ "సరే"కి "ఇంక పోయి రా" అని అర్థం. మీరు మాత్రం రిజిస్టరులో "సలహా ఇవ్వబడినది" అని రాసుకుని పక్కింటికి వెళతారు.

ఇంకో మాట ఉంది. మన పల్లెల్లో ఎవరి వాకిట్లోకి వెళ్లినా మనం అడిగేదే: "ఏమక్కా, ఈ పొద్దు ఏం కూర?" ఇది పలకరింపు. దానికి "పెడతానే ఉండా" అన్న జవాబు కుదరదు. "కూరేముంది మేడం, పులుసు కాచినా. రేతిరి సంగటి మిగిలుంటే పిల్లోడికి అదే పెట్టినా." ఈ ఒక్క జవాబులో మీకు ఎంత దొరికిందో చూడండి. సంగటి ఏ పిండిదో అడగవచ్చు, పులుసులో ఏం వేసిందో అడగవచ్చు, బిడ్డకు రోజుకు ఎన్నిసార్లు పెడుతుందో, తను ఎప్పుడు తింటుందో అడగవచ్చు. సలహా దగ్గరికి మీరింకా రాలేదు. రావాల్సిన తొందరా లేదు.

తొందర పడాల్సిన సందర్భం ఒకటి మాత్రం ఇక్కడే చెప్పేస్తాను. ఆరు నెలలు దాటి అయిదేళ్ల లోపు ఉన్న బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువుంటే, లేక పాదాలు రెండూ ఉబ్బి ఉంటే, కబుర్లు ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లే ఏర్పాటు చూడండి. మర్యాద పేరుతో ఆలస్యం చేయకూడని చోటు అది.

*

మీరు వెళ్లింది యానాదుల ఇంటికి. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లాలో దాదాపు పదో వంతు మంది షెడ్యూల్డు తెగల వాళ్లు. వాళ్లలో ఎక్కువమంది యానాదులే. వాళ్ల కోసం నెల్లూరులో ప్రత్యేకంగా ఒక ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కూడా ఉంది. మాట్లాడేది తెలుగే. అందుకే మనకు ఒక భ్రమ కలుగుతుంది: భాష ఒకటే కదా, అర్థం చేసుకోవడానికి ఏముంది అని. మన్యంలో కోయ భాష, కువి భాష రాని నర్సుకు తనకు తెలియదన్న సంగతైనా తెలుస్తుంది. ఇక్కడ అదీ ఉండదు.

భాష ఒకటే అయినా మాటలు ఒకటి కావు. ఈ జిల్లాలో "యానాది" అన్నది ఒక తెగ పేరు, ఒక తిట్టు కూడా. శుభ్రంగా లేని పిల్లవాణ్ణి, మాట వినని వాణ్ణి ఆ పేరు పెట్టి తిట్టడం మనం విన్నాం, కొందరం తిట్టాం కూడా. ఆ పేరు గలవాళ్లు ఆస్పత్రి వరండాలో చీటీ పట్టుకుని నిలబడ్డప్పుడు ఏం వినబడుతుందో ఊహించండి. అరవై ఏళ్ల మనిషిని ఇరవై ఏళ్ల ఉద్యోగి "ఏయ్, ఇట్రా" అంటాడు. ఊళ్లో పెద్ద రైతుకైతే అదే నోట "రండన్నా" వస్తుంది. ఇక్కడ చెప్పేవాటిలో మీరు ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి: అవ్వను అవ్వా అనండి, తాతను తాతా అనండి, మీ ఈడు ఆడమనిషిని అక్కా అనండి. దీనికి శిక్షణ అక్కర్లేదు, నిధులు అసలే అక్కర్లేదు.

రిజిస్టరు సంగతి కూడా చెప్పాలి. మీకది మామూలు అట్టల పుస్తకం. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది, దేశమంతటా పోవడం మాత్రం స్వతంత్రం వచ్చాక 1952లో గాని జరగలేదు. యానాదులు, ఎరుకలవాళ్లు ఆ చట్టం కింద నలిగారు. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి, పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలి. కావలిలోనూ, బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్పలోనూ వాళ్లను కాపలాలో ఉంచే సెటిల్మెంట్లు నడిచాయి. ఆ రోజుల్లో అట్టల పుస్తకం పట్టుకుని వచ్చి పేర్లు అడిగినవాడు మంచికి వచ్చినవాడు కాడు. ఆ జ్ఞాపకం తాతల నుంచి మనవలకు కథలుగా రాదు, భయంగా వస్తుంది. ఆ అన్యాయం మీద జీవితమంతా పోరాడినవాడు వెన్నెలకంటి రాఘవయ్య. ఈ జిల్లావాడే. యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశాడు, 1973లో పద్మభూషణ్ అందుకున్నాడు. మన బడి పుస్తకాల్లో ఆయన పేరు నాకెక్కడా కనబడలేదు.

కాబట్టి కూర్చున్న వెంటనే రిజిస్టరు తెరవకండి. తెరిచినప్పుడు ఏం రాస్తున్నారో పైకి చదివి వినిపించండి. "బిడ్డ బరువు ఎనిమిది కిలోలు అని రాసుకుంటుండానక్కా, వచ్చే నెల పెరిగిందా లేదా చూడటానికి." రెండు నిమిషాల పని.

*

ఇప్పుడు కుండ దగ్గరికి వద్దాం. "ఆకుకూరలు తినాలమ్మా" అని యానాది అవ్వకు చెప్పడం, చేపకు ఈత గురించి ఉపన్యాసం ఇవ్వడం లాంటిది. మీకు తెలిసినవి తోటకూర, పాలకూర, గోంగూర, మహా అయితే మెంతికూర. ఆమెను అడగండి. చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు, పొన్నగంటాకు, తుమ్మికూర, గలిజేరు, గంగపాయలాకు, చింతచిగురు, మునగాకు. వాన పడ్డాక ఏ చేను గట్టున ఏది మొలుస్తుందో, ఏది ముదిరితే చేదెక్కుతుందో, ఏది పప్పులో బాగుంటుందో ఏది వేపుడుకు వస్తుందో ఆమె చెబుతుంది. రేగ్గాయలు, కలేకాయలు, బలుసుపండ్లు, ఎలక్కాయలు ఎప్పుడు వస్తాయో కూడా చెబుతుంది. మీ పోషకాహార పటంలో "ఆకుపచ్చని ఆకుకూరలు" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఆమె చెప్పిన పేర్లు రాసుకోండి. రేపు వేరే ఇంట్లో ఆ పేర్లే చెబితే మీరు ఈ కాలనీ గురించి మాట్లాడుతున్నారని వాళ్లకు తెలుస్తుంది.

అయితే ఆ ఆకులు ఇప్పుడు కుండలోకి వస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు తెలివిలో లేదు, పొద్దులో ఉంది. చిల్లచెట్లు కొట్టి బొగ్గుల బట్టీ పెట్టేవాళ్లు, జామాయిల్ తోటల్లో నరుకుడికి పోయేవాళ్లు, కూలికి ఊళ్లు దాటిపోయేవాళ్లు తెల్లారక ముందే లేస్తారు. గట్ల వెంట తిరిగి ఆకు కోసుకునే తీరిక ఎక్కడుంది? పైగా చేలో గడ్డిమందు కొడితే ముందు చచ్చేవి ఈ ఆకులే. అంటే ఆమెకు తెలియనిది లేదు, దొరకనిది ఉంది. తెలియని మనిషికి చెప్పే సలహా దొరకని మనిషికి చెబితే అది తిట్టులా వినబడుతుంది. మీరు పొద్దున పదింటికి వెళ్లి "ఇళ్లల్లో ఎవరూ లేరు, సహకరించడంలేదు" అని రాసుకొచ్చినా అదే తంతు. సందె వేళ వెళ్లండి, పొయ్యి అప్పుడు వెలుగుతుంది.

ఎలుక మాంసం సంగతి దాటేసి పోలేను. చెరువు కింద వరి పండే చోట్ల ఎలుకల్ని పట్టడానికి రైతులు యానాదులనే పిలుస్తారు. పంటను కాపాడే పనితనం అది. పట్టిన ఎలుకను కాల్చి తింటే మాత్రం అదే రైతు ముఖం చిట్లిస్తాడు. మీరూ చిట్లించకండి. బిడ్డకు మాంసకృత్తులు కావాలని పటం చూపిస్తున్నది మీరే కదా! ఆ ఇంటికి పైసా ఖర్చు లేకుండా వచ్చే మాంసం అది. ఆరోగ్యం తెలిసిన మనిషిగా మీరు చెప్పాల్సింది వేరే ఉంది. "తాతా, ఆ చేలో ఎలుకల మందు పెట్టి ఉండారా? అడిగి పట్టుకో. మందు తిన్న ఎలుకను తింటే మనకూ ఎక్కుతుంది. చచ్చి పడున్నదాన్ని ముట్టుకోవద్దు. చర్మం తీసేటప్పుడు చేతిమీద గాయం ఉంటే గుడ్డ కట్టుకో, బాగా కాల్చు." జింకు ఫాస్ఫైడు ఎంత విషమో మీకు తెలుసు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం సంగతీ తెలుసు. "ఛీ, తినొద్దు" అంటే మీ చదువు ఎవరికీ పనికిరాలేదన్నమాట. ఏది తినొద్దో విడమరిచి చెబితే ఆయన వింటాడు, ఎందుకంటే అది ఆయన వృత్తి గురించిన మాట.

ఆస్ట్రేలియాలో కెరిన్ ఒడియా అనే శాస్త్రవేత్త చేసిన పని ఇక్కడ గుర్తుకొస్తుంది. 1982లో మధుమేహం ఉన్న పదిమంది ఆదివాసులు ఏడు వారాలపాటు తమ పాత పద్ధతిలో వేటాడి, ఏరుకుని తిని బతికారు. ఆమె కూడా వాళ్ల వెంట ఉంది. సగటున ఎనిమిది కిలోల బరువు తగ్గారు, నెత్తుట్లో చక్కెర బాగా దిగింది. 1984లో ఆ ఫలితాలు అచ్చయినప్పుడు వైద్యులు ఆశ్చర్యపోయారు. ఆ పదిమంది ఆశ్చర్యపోయి ఉండరని నా అనుమానం. ఈ కథ చదివి "చూశారా, అందరూ మళ్లీ అడవికి పోవాలి" అనేవాళ్లు ఉంటారు. ఎవరి అడవికి? ఉదయగిరి కొండల్లో మందాకు కోయడానికి వెళ్లిన మనిషిని అటవీశాఖ ఆపితే ఈ పెద్దమనిషి వచ్చి విడిపిస్తాడా?

*

చిరుధాన్యాల విషయంలోనూ ఇదే జరుగుతోంది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, సభల్లో కొర్రలు, ఆరికల గొప్పతనం చెప్పని వక్త లేడు. ఈ మెట్ట ప్రాంతంలో ఆ గింజల్ని తిని బతికిన వాళ్ల మనవరాలికే నగరం నుంచి వచ్చి ఆ మాట చెబుతాం. ఆమెకు సొంత చేను లేదు. ఆమెకు దొరికేది రేషన్ బియ్యం. అంగట్లో కొర్రల ధర ఎంతో చెప్పే వక్తను నేనింతవరకు చూడలేదు.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. ఇది ఫ్లోరైడు నేల. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మన దేశంలో ఎముకల్ని పట్టేసే ఫ్లోరోసిస్‌ను మొదటగా వివరించింది అప్పటి నెల్లూరు జిల్లా రోగుల్ని చూసే. 1970లో ప్రకాశం జిల్లాలోకి పోయిన కనిగిరి, పొదిలి, దర్శి అంతకుముందు నెల్లూరు జిల్లాలోవే. ఆ తర్వాత 1940లో సి.జి. పండిట్ బృందం ఇంకో మాట చెప్పింది: ఒకే నీళ్లు తాగినా, సరైన తిండి లేనివాళ్లను ఈ జబ్బు ఎక్కువ వంచుతుందని. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, అన్నం తినేవాళ్లకన్నా జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువ నిలుస్తోందని గమనించారు. అంటే "పాత తిండే మంచిది" అన్న మాట కూడా ఇక్కడ గుడ్డిగా చెప్పడానికి లేదు. ముందు బోరు నీళ్లలో ఏముందో చూడాలి. అదే సంస్థ 2002లో ఇంకో చిన్న అధ్యయనాన్ని ప్రచురించింది. మగపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడు పెరిగింది. మన అవ్వ రోజూ కాచే పులుసులో ఏదో ఉందన్నమాట! అట్లాగని పులుసుతో ఫ్లోరోసిస్ తగ్గదు. దానికి మంచినీళ్లు రావాలి. కాలనీకి కుళాయి ఎందుకు రాలేదని పంచాయతీలో అడగడం కూడా పోషకాహార సలహాలో భాగమే. నిజానికి అది మొదటి భాగం.

రేషన్ బియ్యం మాటొచ్చింది కాబట్టి ఇది కూడా. బియ్యంలో తెల్లగా, కాస్త వేరుగా కనిపించే గింజల్ని "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేసే తల్లులున్నారు. వాళ్లను చూసి నవ్వకండి. గింజ గింజా చూసి వండే మనిషి అజాగ్రత్తపరురాలు కాదు. ఒక గుప్పెడు తీసి ఆమె ముందే నానబెట్టండి, వేళ్లతో నలపమనండి. పిండి అయిపోతుంది. బియ్యం పిండిలో ఐరను, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మళ్లీ గింజలా పోసి, వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతారని అప్పుడు చెప్పండి. ఐరన్ మాత్రల సంగతీ అంతే. "వేడి చేస్తది, విరోచనం నల్లగా అవుతుంది" అని ఆమె అంటే అది మూఢనమ్మకం కాదు, రెండో మాట అక్షరాలా నిజం. "నల్లగానే అవుతుందక్కా, అది ఐరను రంగు. రాత్రి అన్నం తిన్నాక వేసుకో, టీతో వద్దు, నిమ్మకాయ నీళ్లతో వేసుకో" అంటే పని జరుగుతుంది. గర్భిణికి 60 మిల్లీగ్రాముల ఐరను మాత్ర 180 రోజులు, కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు. అన్ని రోజులు మింగాల్సిన మాత్రకు ఒక్క రోజు బెదిరింపు చాలదు.

*

అన్నిటినీ గౌరవించాలా? లేదు. ఆ మాట దాచిపెట్టి తీయగా మాట్లాడితే అదీ అగౌరవమే. ఎదుటి మనిషి నిజం తట్టుకోలేదనుకోవడమే కదా అది!

బాలింత పత్యం తీసుకోండి. వేడివేడిగా తినడం, నలభై రోజులు నీడపట్టున ఉండటం, వీటిలో మీకు అడ్డేముంది? వెల్లుల్లి కారం అన్నం పెడితే మెచ్చుకోండి. కానీ నీళ్లు తాగనివ్వకపోవడం, పప్పూ కూరా మాన్పించడం పాలిచ్చే తల్లిని ఎండగడుతుంది. "పత్యంలో ఏమేం పెట్టొచ్చవ్వా?" అని అత్తగారినే అడగండి. ఆమె చెప్పే పట్టికలో ఎక్కడో ఒక చోట పెసరపప్పో, మునగాకో, కోడిగుడ్డో ఉంటుంది. దాన్ని పట్టుకుని పెంచండి. ముర్రుపాలు పిండి పారేస్తామంటే మాత్రం బేరం లేదు. కాన్పుకు రెండు నెలల ముందే అవ్వ దగ్గర కూర్చుని చెప్పాలి: "ఈనిన ఆవు జున్నుపాలు మనం వదులుకుంటామా, బిడ్డకెందుకు వద్దంటాం?" దిష్టిబొట్టు పెడితే పెట్టనివ్వండి. మొలతాడు కడితే కట్టనివ్వండి. నర్రవాడ వెంగమాంబకు మొక్కుకుంటే, "మొక్కుకో అక్కా, నెలనెలా తూకం కూడా చూపించు" అనండి. కడుపు ఉబ్బిందని బిడ్డకు వాతలు పెడతామంటే చేయి అడ్డం పెట్టండి.

పాముకాటు దగ్గర ఈ పరీక్ష అన్నిటికన్నా కఠినం. పాముల గురించి, వేర్ల గురించి యానాది పెద్దలకు తెలిసింది చాలా ఎక్కువ, ఊరంతా వాళ్ల దగ్గరికే పరుగెత్తిన రోజులున్నాయి. ఆ మనిషిని "మంత్రాలకు చింతకాయలు రాలతాయా" అని ఎగతాళి చేస్తే, రేపు కాటు పడ్డవాణ్ణి మీకు తెలియకుండా ఆయన దగ్గరికే తీసుకుపోతారు. ముందుగానే ఒక సాయంత్రం ఆయన వాకిట్లో కూర్చోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే సూది ఆస్పత్రిలో ఉందని చెప్పండి. ఆయన చూసిన కేసులు అడగండి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువ కరుస్తుందని, నొప్పి కూడా తెలియదని ఆయనే మీకు చెప్పవచ్చు. దోమతెర చాప కిందికి దోపుకుంటే ఎంత మేలో అప్పుడు మాట్లాడుకోవచ్చు. "తాతా, కాటు పడితే ముందు 108కి ఫోను. గట్టిగా కట్టు వద్దు, కొయ్యడం వద్దు, పసరు తాగించడం వద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నువ్వు కూడా బండెక్కు. మంత్రం బండిలో కూర్చుని కూడా వేయొచ్చు." ఆయన బండెక్కితే ఇంట్లోవాళ్ల మనసులో "అటా ఇటా" అన్న తగాదా తీరిపోతుంది. ఆ తగాదాలో పోయే గంటే ప్రాణం తీస్తుంది.

*

ఇట్లా అడిగి, విని పనిచేసినవాళ్లు లేకపోలేదు. గోదావరికి అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గోండుల మధ్య ఆస్పత్రి కట్టాలనుకున్నప్పుడు ముందు వాళ్లనే అడిగారు, ఎట్లా ఉండాలని. పెద్ద కట్టడం వద్దన్నారు వాళ్లు. గుడిసెల్లాంటి గదులు, రోగితో పాటు చుట్టాలు ఉండటానికి చోటు, దంతేశ్వరి అమ్మవారి పేరు. తర్వాత ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పసికందుల్ని ఇంట్లోనే కాపాడే పద్ధతి నడిపారు. శిశు మరణాల్లో నెలలోపు పోయేవి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహాపెటి రామ్స్‌డెన్ ఇంకో అడుగు వేసింది. సేవ మర్యాదగా ఉందో లేదో చెప్పాల్సింది నర్సు కాదు, ఆ సేవ అందుకున్న మనిషి అంది. 1992 నుంచి అక్కడి నర్సింగ్ కౌన్సిలు దాన్ని చదువులో చేర్చింది. మనకు అంత పెద్ద ఏర్పాటు లేదు. నెలకొకసారి కాలనీలో ఒక అవ్వను పక్కకు పిలిచి "నేను మాట్లాడే తీరు ఎట్లుందవ్వా, ఎవురైనా నొచ్చుకున్నారా?" అని అడగగలం. మొదటిసారి "అట్లేంలే మేడం" అంటుంది. మూడోసారికి చెబుతుంది.

ఒకటి మిగిలింది. మీరు లేవబోతుంటే ఆ ఇల్లాలు మొహమాటంగా అడుగుతుంది: "ఓ ముద్ద తిని పో మేడం. మా ఇంట్లో తింటావా?" ఆ రెండో వాక్యం వెనక ఏముందో మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది. రిజిస్టరు సంచిలో పెట్టేయండి. చేయి కడుక్కుని పీటో, గోనెపట్టో ఏది వేస్తే దానిమీద కూర్చోండి. సంగటి మీకు కాస్త గట్టిగా అనిపించవచ్చు. ఇంకొంచెం పులుసు అడిగి పోయించుకోండి, అందులో ఏ ఆకు వేసిందో కనుక్కోండి.